పికప్‌కి డిఫ్ లాక్ కావాలా? ముందు ఎడమ చక్రం, కుడి చక్రం సంగతి చూడండి

పికప్ కొనేటప్పుడు బ్రోషర్‌లో ‘రియర్ డిఫరెన్షియల్ లాక్’ అన్న మాట దగ్గర చాలామంది ఆగుతారు. పై వేరియంట్‌లో ఉంటుంది, కింది వేరియంట్‌లో ఉండదు. అది లేకపోతే బండి ఆఫ్‌రోడ్‌కి పనికిరాదని ఒకరంటారు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉండగా ఇంకా అదెందుకు, దండగ అని మరొకరంటారు. ఎవరు తిరిగే దారులను బట్టి వాళ్ళు మాట్లాడతారు కాబట్టి ఎవరి అనుభవం వాళ్ళకి నిజమే. మీ సంగతి తేలాలంటే చూసుకోవాల్సింది ఒక్కటే: మీరు వెళ్ళే చోట ఎడమ చక్రం కింది పట్టుకీ, కుడి చక్రం కింది పట్టుకీ తేడా ఎంత? లాకర్, అంటే ఈ డిఫరెన్షియల్ లాక్, చేసే మేలంతా ఆ తేడాలోనే ఉంది. తేడా లేని చోట అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

జారే చక్రానికే పవరంతా పోతుందా?

మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం వెళ్ళాలి. రెండిటినీ ఒకే కడ్డీకి బిగించేస్తే వాటిలో ఒకటి ఈడ్చుకుంటూ రావాల్సిందే. టైరు అరుగుతుంది, యాక్సిల్ మీద మెలి పడుతుంది. ఈ చిక్కుని గేర్లతో విడదీసినవాడు ఫ్రాన్స్‌కి చెందిన ఒనెసిఫోర్ పెకూర్. 1827లో ఆవిరి బండి కోసం ఆయన పేటెంట్ తీసుకున్న సూత్రమే ఇప్పటికీ మన బండ్ల వెనక ఇరుసు మధ్య ఉండే హౌసింగ్‌లో, క్రౌన్ వీల్ అనే పెద్ద గేరు పక్కన, చిన్న చిన్న గేర్ల రూపంలో తిరుగుతోంది.

దాన్నే ఓపెన్ డిఫరెన్షియల్ అంటారు. అది రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది, కానీ రెండిటికీ ఇచ్చే టార్క్ (తిప్పే బలం) సమానం. పేచీ అంతా ఇక్కడే. జారే చక్రానికే పవరంతా పోతుందని అందరూ అంటుంటారు గానీ, లోపల జరిగేది కాస్త వేరు. జారే చక్రం కింద పట్టు లేదు కాబట్టి దాన్ని తిప్పడానికి కొద్దిపాటి టార్క్ చాలు. రెండో చక్రానికీ అంతే అందుతుంది, పిసరంత కూడా ఎక్కువ రాదు. కావడిలో ఒక వైపు ఖాళీ అయితే రెండో వైపు బరువు నిలవదు కదా, అలాగే. బలహీనమైన వైపు ఎంత మోస్తే బలమైన వైపూ అంతే మోయగలదు. ఆక్సిలరేటర్ ఎంత తొక్కినా జారే చక్రం వేగం పెరుగుతుంది తప్ప, గట్టి నేల మీదున్న చక్రం లాగే బలం పెరగదు.

లాకర్ వేస్తే ఎడమ, కుడి యాక్సిల్ షాఫ్టులు రెండూ కలిసి ఒకే కడ్డీలా అయిపోతాయి. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాలి. ఏ చక్రానికి ఎంత పట్టు దొరికితే అంత టార్క్ దానికి వెళ్తుంది.

ఒక చిన్న లెక్క

మాటల కన్నా అంకెల్లో ఇది తేలిగ్గా తెలుస్తుంది. 2,000 కిలోల ఖాళీ పికప్ అనుకుందాం. ఇంజిన్ ముందుంది కాబట్టి ముందు ఇరుసు మీద 1,200, వెనక 800 కిలోలు. అంటే ముందు ఒక్కో చక్రం మీద 600, వెనక ఒక్కోదాని మీద 400. ఎడమ చక్రాలు రెండూ తడిసిన జిగట మట్టిలో ఉన్నాయి, అక్కడ దొరికే పట్టు బరువులో పదో వంతు. కుడి చక్రాలు గట్టి నేల మీదున్నాయి, అక్కడ పట్టు బరువులో పదింట ఆరు వంతులు. ఎదురుగా 10 డిగ్రీల ఎత్తు. అది ఎక్కడానికి సుమారు 350 కిలోల తోపు కావాలి, బురద అడ్డుపడే బలాన్ని కలపకుండానే.

టూ వీల్ డ్రైవ్‌లో ఓపెన్ డిఫ్‌తో వెనక ఎడమ చక్రం 40 కిలోలు తోస్తుంది, కాబట్టి కుడిదీ అదే 40. మొత్తం 80. బండి కదలదు. ఫోర్ వీల్ వేస్తే ముందు చక్రాల నుంచి 60, 60 వచ్చి కలుస్తాయి. మొత్తం 200. అయినా కదలదు. ఇప్పుడు వెనక లాకర్ వేయండి. ఎడమది అదే 40, కుడిది మాత్రం తన పూర్తి పట్టు 240 వాడుకుంటుంది. వెనక ఇరుసు ఒక్కటే 280, ముందు 120తో కలిపితే 400. బండి ఎక్కేస్తుంది.

ఈ లెక్కలో ఇంకో సంగతి దాగి ఉంది. లాకర్ ఉన్న టూ వీల్ డ్రైవ్ బండి (280), ఓపెన్ డిఫ్‌లున్న ఫోర్ వీల్ బండి (200) కన్నా ఇక్కడ ఎక్కువ లాగుతోంది. ఫోర్ వీల్ వేశాం కదా, నాలుగు చక్రాలూ లాగేస్తాయిలే అన్న ధీమా ఎంతవరకు పనికొస్తుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

అదే బండిని నాలుగు చక్రాల కిందా ఒకే రకం బురద ఉన్న చోటికి తీసుకెళ్తే కథ మారిపోతుంది. ఫోర్ వీల్‌లో మొత్తం పట్టు 200. లాకర్ వేసినా 200. పైసా లాభం లేదు. టూ వీల్ నుంచి ఫోర్ వీల్‌కి మారినందుకు మాత్రం 80 కాస్తా 200 అయింది. ఎటు చూసినా ఒకేలా చిత్తడిగా ఉండే నేలల్లో తిరిగేవాళ్ళు లాకర్ వల్ల ఒరిగిందేమీ లేదంటే, నమ్మాల్సిందే.

తేడా ఎక్కడ పుడుతుంది?

నేల రకం మారినప్పుడు తేడా వస్తుందన్నది సరే. ఒక వైపు గడ్డి, ఒక వైపు రాయి. ఒక వైపు గాడిలో నీళ్ళు, ఒక వైపు పొడి గట్టు. కానీ పికప్‌లకి అంతకన్నా ఎక్కువగా ఎదురయ్యే తేడా బరువు వల్ల వచ్చేది. ఒకే నేల మీద కూడా ఒక చక్రం మీద బరువు పడి, పక్క చక్రం గాల్లోకి లేస్తే పట్టులో తేడా వచ్చినట్టే.

పికప్ వెనక ఉండే కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) బరువు మోయడానికి చేసినవి. ట్రే ఖాళీగా ఉంటే అవి బిర్రుగా ఉంటాయి, గుంట వచ్చినా చక్రం కిందికి జారి నేలను వెతుక్కోదు. ముందు వైపు ఎక్కువ పికప్‌లలో ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రం విడిగా ఆడే ఏర్పాటు, ఉంటుంది. రోడ్డు మీద అది హాయిగా ఉంటుంది గానీ, చక్రం పైకీ కిందికీ ఆడే దూరం తక్కువ. ఇలాంటి బండి ఒక చిన్న కాలువ గట్టుని ఏటవాలుగా దాటుతోందనుకోండి. ముందు కుడి చక్రం గట్టెక్కుతుంది, వెనక ఎడమ చక్రం బరువుకి అణిగిపోతుంది. మిగిలిన రెండూ, ముందు ఎడమది, వెనక కుడిది, ఇంచుమించు గాల్లో వేలాడతాయి. ఫోర్ వీల్‌లోనే ఉన్నారు, ఆక్సిలరేటర్ తొక్కారు. గాల్లోని వెనక చక్రం గిర్రున తిరుగుతూ మట్టి చిమ్ముతుంది. దాని జోడీ, మొత్తం వెనక బరువుని మోస్తున్న ఎడమ చక్రం మాత్రం ఉలకదు పలకదు. దాని ట్రెడ్ సందులో ఇరుక్కున్న గులకరాయి కూడా ఉన్నచోటనే ఉంటుంది. ఓపెన్ డిఫ్ అంటే ఏమిటో ఒక్కసారి కళ్ళారా చూడాలంటే ఇంతకు మించిన పాఠం లేదు. లాకర్ వేసి మెల్లగా తొక్కితే ఆ చక్రం అరచుట్టు తిరుగుతుంది, బండి ఒక పక్కకి వాలి, గట్టు దాటేస్తుంది. పెద్ద వేగం గానీ హడావుడి గానీ ఉండవు.

ట్రేలో మంచి బరువు ఉంటే ఈ అవస్థ తగ్గుతుంది. పట్టీలు అణుగుతాయి, వెనక చక్రాలు రెండూ నేలని పట్టుకుంటాయి. ఎప్పుడూ లోడుతోనే తిరిగే పికప్‌కీ, ఖాళీగా సరదాకి తిరిగే పికప్‌కీ లాకర్ అవసరం ఒకేలా ఉండకపోవడానికి ఇదే కారణం.

ట్రాక్షన్ కంట్రోల్ సరిపోదా?

ఈ మధ్య బండ్లలో చాలావరకు సరిపోతుంది. ఏబీఎస్ సెన్సర్లు జారుతున్న చక్రాన్ని కనిపెడతాయి, కంప్యూటర్ ఆ ఒక్క చక్రానికే బ్రేక్ వేస్తుంది. ఓపెన్ డిఫ్ రెండు వైపులా సమానంగా ఇస్తుంది కదా, బ్రేక్ పడిన చక్రాన్ని తిప్పడానికి ఎంత టార్క్ కావాల్సొస్తే అంతా రెండో వైపుకీ వెళ్తుంది. డిఫ్ బలహీనతనే వాడుకుని పని జరిపించుకునే ఉపాయం ఇది. భలే తెలివైనది.

ఖర్చు మాత్రం ఉంది. పై లెక్కలో కుడి చక్రానికి 240 రావాలంటే, ఎడమ వైపు కూడా 240 అడ్డు కనబడాలి. బురద ఇచ్చేది 40, మిగతా 200 బ్రేక్ ఇవ్వాలి. అంటే ఇంజిన్ ఇరుసుకి పంపిన బలంలో 40 శాతానికి పైగా బ్రేక్ ప్యాడ్‌లో వేడిగా పోతోంది. ఫోర్ లోలో, అంటే ఫోర్ వీల్ డ్రైవ్‌లో వేగం తగ్గించి బలం పెంచే లో రేంజ్‌లో, ఇంజిన్‌కి ఆ శక్తి మిగులే, కాబట్టి ఓ ఐదారు అడ్డంకుల దాకా ఇబ్బంది లేదు. గంటల తరబడి సాగే రాళ్ళ ఎత్తు మీద ప్యాడ్లు కాగిపోతాయి. రెండో సంగతి, చక్రం జారాకే ఇది మేల్కొంటుంది. ఆ జారే ఒకటి రెండు క్షణాల్లో మెత్తటి నేలలో చక్రం గొయ్యి తవ్వేసుకుంటుంది. లాకర్‌తో ఆ మొదటి జారుడే ఉండదు.

ట్రాక్షన్ కంట్రోల్ పని చెయ్యలేదని చెప్పేవాళ్ళలో చాలామంది దానికి అవకాశమే ఇవ్వరు. చక్రం దగ్గర గరగరమని శబ్దం రాగానే భయపడి కాలు తీసేస్తారు. ఆ శబ్దం బ్రేకులు పడి విడవడం, అంటే పని మొదలైందని అర్థం. ఆక్సిలరేటర్ అలాగే నిలకడగా పట్టి రెండు మూడు సెకన్లు ఆగితే బండి పాక్కుంటూ ముందుకొస్తుంది. లాకర్ కొనే ముందు మీ బండిలో ఉన్నదాన్ని ఇలా పరీక్షించి చూడటం మంచిది. ఖర్చు లేని పని.

ఇంకో తిరకాసు. కొన్ని బండ్లలో వెనక లాకర్ వేయగానే ట్రాక్షన్ కంట్రోల్ మొత్తం ఆగిపోతుంది. వెనక రెండు చక్రాలూ కలుస్తాయి, ముందు ఇరుసు మాత్రం ఉత్త ఓపెన్ డిఫ్‌గా మిగిలిపోతుంది. ముందు చక్రం గాల్లోకి లేచే చోట ఇలాంటి బండి లాకర్ తీసేస్తేనే బాగా ఎక్కవచ్చు కూడా. మరికొన్నిటిలో ముందు ఇరుసుకి ట్రాక్షన్ కంట్రోల్ పని చేస్తూనే ఉంటుంది. మీ బండి ఏ కోవలోదో ఓనర్స్ మాన్యువల్‌లో చూడండి, సేల్స్‌మన్‌ని అడిగి తెలుసుకునే విషయం కాదిది.

లాకర్ల రకాలు, క్లుప్తంగా

లిమిటెడ్ స్లిప్ అన్న పేరు చూసి లాకర్ అనుకోకండి. క్లచ్ ప్లేట్లున్న రకం జారే చక్రాన్ని కొంతవరకే పట్టి ఉంచుతుంది, ప్లేట్లు అరిగేకొద్దీ ఆ పట్టూ సడలుతుంది. ఇంకో రకం టోర్సెన్. వెర్నన్ గ్లీస్మన్ 1958లో పేటెంట్ పొందిన ఇది గేర్లతో పని చేస్తుంది. తక్కువ పట్టున్న చక్రం టార్క్‌కి రెండు మూడు రెట్లు రెండో చక్రానికి పంపగలదు. 40 ఉంటే 120 అన్నమాట. గాల్లో ఉన్న చక్రానికి మాత్రం సున్నా, సున్నాకి మూడు రెట్లన్నా సున్నాయే. అందుకే కొందరు డ్రైవర్లు ఎడమ కాలితో బ్రేక్‌ని కొంచెం నొక్కి ఆ సున్నాని ఏదో ఒక అంకె చేస్తారు.

ఆటోమేటిక్ లాకర్లు తమంతట తామే పట్టుకుంటాయి. ఈటన్ కంపెనీ చేసే ఒక రకం జనరల్ మోటార్స్ పికప్‌లలో 1973 నుంచి వస్తోంది. రెండు చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి దాదాపు 100 చుట్లు దాటితే టక్కున లాక్ అవుతుంది, అదీ తక్కువ వేగంలోనే. డెట్రాయిట్ లాకర్ అనే రకం దీనికి పూర్తిగా ఉల్టా: అది ఎప్పుడూ లాక్‌లోనే ఉండి, మలుపులో మాత్రం విడుతుంది. గట్టిది, కానీ రోడ్డు మీద టపటపలు భరించాలి. రోజూ ఆఫీసుకి వెళ్ళే బండికి నేనైతే సిఫార్సు చెయ్యను.

మిగిలింది స్విచ్‌తో వేసుకునే లాకర్. కరెంటుతోనో, ఏఆర్‌బీ వాళ్ళ ఎయిర్ లాకర్‌లా గాలి ఒత్తిడితోనో పని చేస్తుంది. వేయనంతసేపు మామూలు ఓపెన్ డిఫ్, వేస్తే నూటికి నూరు పాళ్ళు లాక్. ఈ వ్యాసంలో లాకర్ అంటే ఇదే. టొయోటా హైలక్స్, ఫోర్డ్ రేంజర్, ఇసుజు డీ-మాక్స్ లాంటివాటిలో వెనక ఇరుసుకి కంపెనీ నుంచే దొరుకుతుంది. జీప్ గ్లాడియేటర్ రూబికాన్, ర్యామ్ పవర్ వ్యాగన్ లాంటి కొన్నిటికి ముందూ వెనకా రెండిటికీ ఉంటుంది.

లాకర్ వేయకూడని చోట్లు

తారు రోడ్డు మీద వేయకూడదని అందరికీ తెలుసు. అంతగా తెలియనిది పక్కవాటు దారి, అంటే బండి ఒక పక్కకి ఒరిగి నడిచే చోటు. ఓపెన్ డిఫ్‌తో ఒక చక్రం జారినా రెండోది నిదానంగా తిరుగుతూ బండి తోకని పక్కకి పోకుండా పట్టి ఉంచుతుంది. లాకర్ వేసి ఉండగా జారితే రెండూ ఒకేసారి జారతాయి. తోకని పట్టుకునే చక్రమే ఉండదు, వెనక భాగం పల్లం వైపు కొట్టుకుపోతుంది. తడి బంకమట్టి, మంచు మీద ఇది నిజంగా ప్రమాదం. ఓపెన్ డిఫ్‌తో ఇరుక్కుంటే బండి అక్కడే ఆగుతుంది. లాకర్‌తో జారితే ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.

మలుపుల్లో కూడా లాక్ అయిన వెనక ఇరుసు బండిని నేరుగా తోస్తుంటుంది, స్టీరింగ్ తిప్పినా ముందు భాగం తిరగనని మొరాయిస్తుంది. ఇసుకలో ఇది బాగా తెలుస్తుంది. ముందు లాకర్ అయితే స్టీరింగే బండబారిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది కాబట్టి పికప్‌కి ఒక్క లాకరే పెట్టించే పక్షంలో అది వెనకే ఉండాలి. ముందుది రాతి మెట్లు ఎక్కేవాళ్ళ ముచ్చట.

విరగడం సంగతి. ఓపెన్ డిఫ్‌లో ఒక్కో యాక్సిల్ షాఫ్టుకి సగం టార్కే వస్తుంది. లాక్ అయ్యాక మొత్తం ఒక్క షాఫ్టు మీదే పడే అవకాశం ఉంది. 400 న్యూటన్ మీటర్ల ఇంజిన్, ఫస్ట్ గేర్ 4, లో రేంజ్ 2.5, ఫైనల్ డ్రైవ్ 4 అనుకుంటే గుణిస్తే 16,000 వస్తుంది. మామూలుగా అంతకు చాలా ముందే టైరు జారిపోయి షాఫ్టుని కాపాడుతుంది. చక్రం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని జారలేని స్థితిలో గట్టిగా తొక్కితే మాత్రం షాఫ్టు తెగుతుంది. పెద్ద టైర్లు వేసిన బండికి ఈ బెడద ఇంకా ఎక్కువ.

మరి ఎవరికి కావాలి?

రోడ్డు టైర్లతో తిరుగుతూ లాకర్ గురించి ఆలోచిస్తుంటే, ముందు ఆల్-టెర్రైన్ టైర్లు వేయించండి. మంచి టైరు నాలుగు చక్రాల పట్టునీ పెంచుతుంది. లాకర్ పట్టుని పెంచదు, ఉన్నదాన్ని వాడుకోనిస్తుంది, అంతే. తర్వాత గాలి తగ్గించడం. రోడ్డు మీద 35 పీఎస్‌ఐ దాకా ఉండే టైరుని ఇసుకలో 18కో 20కో దించితే టైరు సాగి నేల మీద ఎక్కువ మేర పరుచుకుంటుంది. ఇసుకలో కూరుకునే బండ్లలో సగానికి సగం దీంతోనే బయటపడతాయని నా నమ్మకం. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవాలి, అందుకో చిన్న కంప్రెసర్ బండిలో ఉండాలి.

ఇవన్నీ ఉండి కూడా చక్రాలు గాల్లోకి లేచే దారుల్లో, వానకి కోసుకుపోయి గాళ్ళు పడిన ఎత్తుల్లో, రాళ్ళ మీద తరచూ తిరుగుతుంటే లాకర్ పెట్టుబడికి తగినదే. ట్రే ఖాళీగా, పక్కన ఇంకో బండి తోడు లేకుండా వెళ్ళేవాళ్ళకి మరీనూ. పాత బండి, ట్రాక్షన్ కంట్రోల్ లేనిది అయితే అసలు ఆలోచించక్కర్లేదు, లాకర్ వల్ల వచ్చే తేడా రాత్రికీ పగలుకీ ఉన్నంత. మట్టి రోడ్లు, గడ్డి మైదానాలు, అప్పుడప్పుడూ ఒక ఇసుక తీరం, ఇంతే అయితే ఆ డబ్బు టైర్లకీ, కూరుకున్న చక్రం కింద పెట్టే రికవరీ బోర్డులకీ, మంచి తాడుకీ పెట్టడం నయం. టూ వీల్ డ్రైవ్ పికప్‌కి లాకర్ దొరికితే మాత్రం నేను వదులుకోను, ఎందుకో పై లెక్క చూస్తే తెలుస్తుంది.

కొత్త బండి కొంటున్నవాళ్ళకి ఒక మాట. ఇప్పుడు అక్కర్లేదనిపించినా కంపెనీ లాకర్ ఉన్న వేరియంట్‌కి తేడా మీకు భారం కాకపోతే తీసేసుకోండి. తర్వాత బయట పెట్టించడం పెద్ద తతంగం, వారంటీతోనూ పేచీ రావచ్చు.

వాడటంలో కిటుకు ఒక్కటే: అడ్డంకి మీదికి వెళ్ళకముందే వేయాలి, చక్రం గిర్రున తిరుగుతుండగా ఎప్పుడూ వేయకూడదు. లోపలి పళ్ళు విరుగుతాయి. చాలా బండ్లలో ఫోర్ లో వేస్తే గానీ స్విచ్ పని చెయ్యదు. స్విచ్ నొక్కాక డ్యాష్‌బోర్డ్‌లో దీపం మిణుకుమిణుకుమంటుంటే ఇంకా పళ్ళు కలవలేదని. బండిని అడుగు ముందుకీ వెనక్కీ కదిలిస్తూ స్టీరింగ్ కొంచెం అటూ ఇటూ తిప్పితే దీపం నిలకడగా వెలుగుతుంది. తీసేటప్పుడు కూడా అంతే. స్విచ్ ఆపినా దీపం ఆరకపోతే యాక్సిల్‌లో మెలి మిగిలి ఉందన్నమాట, తిన్నగా కాస్త వెనక్కి పోనిస్తే విడిపోతుంది.

బయట పెట్టించేవాళ్ళు మెకానిక్‌ని జాగ్రత్తగా ఎంచుకోవాలి. లాకర్ బిగించాలంటే హౌసింగ్ విప్పి, క్రౌన్ వీల్‌ని కొత్త కేసుకి మార్చి, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌తో దాని పళ్ళ సందుని మళ్ళీ కొలిచి, షిమ్ములతో (పల్చటి రేకులతో) సరిచేయాలి. పళ్ళకి రంగు పూసి తిప్పితే ఆ మరక పన్ను మధ్యలో పడాలి, అంచుకి పడితే కొన్నాళ్ళకే రొద మొదలవుతుంది. ఆ మరకని మూత పెట్టకముందే చూపించమని అడగండి. చూపించనంటే వేరే చోటికి వెళ్ళండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక గేర్ ఆయిల్ మార్పించి, డ్రెయిన్ ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దానికేం అంటుకుందో చూడండి. సన్నటి బూడిదరంగు రజను మామూలే. చేతికి తగిలే ముక్కలు కనబడితే ఆ హౌసింగ్ మళ్ళీ విప్పాల్సిందే.